పిక్ అప్ ఎలా వాడాలి: కడప బస్టాండు నుంచి మొదలుపెడదాం

కడప ఆర్టీసీ బస్టాండు బయట పది నిమిషాలు నిలబడండి. పికప్ అనే మాట అయిదారు సార్లయినా చెవిన పడుతుంది. ఆటో దగ్గర "పికప్‌కు ఎంత, డ్రాప్‌కు ఎంత" అని బేరం. మెకానిక్ షెడ్డులో "అన్నా, బండికి పికప్ లేదు, కొంచెం చూడు" అని మొర. పులివెందుల వైపు నుంచి అరటి గెలలు వేసుకొచ్చే చిన్న ట్రక్కు పేరే పికప్. పక్కన ఒకామె ఫోను చెవి దగ్గర పెట్టుకొని "పొద్దున్నుంచి చేస్తాండా, పికప్ చేయడం ల్యా" అని విసుక్కుంటుంది. ఇంగ్లీషు రాదనుకునేవాళ్లు కూడా ఈ మాటను ఇన్ని రకాలుగా తడబడకుండా వాడేస్తారు. ఇంగ్లీషులో ఒక పూర్తి వాక్యం రాయమంటే మాత్రం, చదువుకున్నవాళ్లే బోర్లా పడతారు.

అలా పడినవాళ్లలో నేనొకణ్ణి. చాలా ఏళ్ల కిందట ఒక చిన్న ఆఫీసులో పనిచేసేవాణ్ణి. ఇంటర్వ్యూకు చెన్నై నుంచి ఒకాయన రైల్లో వస్తున్నాడు. స్టేషనుకు బండి పంపిస్తామని చెప్పే పని నాకు పడింది. "వి విల్ పిక్ యూ టుమారో మార్నింగ్" అని మెసేజ్ కొట్టాను. అప్ అన్న చిన్న ముక్క ఎగిరిపోయింది. వట్టి పిక్ అంటే ఎంచుకోవడం. కాబట్టి ఆయన చదువుకున్నది ఏమిటంటే, "రేపు పొద్దున మిమ్మల్ని సెలెక్ట్ చేసుకుంటాం." స్వీట్ బాక్సుతో దిగాడు పాపం. ఉద్యోగం ఇంకొకరికి పోయింది, స్వీట్లు మేం తిన్నాం. ఇప్పటికీ గుర్తొస్తే గొంతులో అడ్డం పడినట్టే ఉంటుంది.

ఇప్పుడు సాయంత్రాలు ఇంటి దగ్గర డిగ్రీ పిల్లలకు స్పోకెన్ ఇంగ్లీషు చెబుతుంటాను. ఈ మాటతోనే మొదలుపెడతాను. డిక్షనరీ తెరిస్తే దీనికి పదికి పైగా అర్థాలు కనిపిస్తాయి. వాటిని బట్టీ పట్టే పని పెట్టుకోకండి. కింద చెప్పిన వరుసలో పోతే చాలు.

1. దేన్ని పిక్ అప్ చేస్తున్నారో చూడండి

వాక్యంలో పిక్ అప్ కనబడగానే ముందు అడగాల్సిన ప్రశ్న "దేన్ని?" అని. జవాబుగా మనిషి వచ్చిందా, వస్తువు వచ్చిందా, భాష వచ్చిందా, రోగం వచ్చిందా అన్నదాన్ని బట్టి తెలుగు మాట తనంతట తానే దొరుకుతుంది. ఇంగ్లీషువాళ్లు ఒక్క మాటతో సరిపెట్టుకున్నచోట మనకు అయిదారు క్రియలున్నాయి. అది మనకు లాభమే.

కింద పడిన పెన్ను, నేల మీద బ్యాగు అయితే ఎత్తడం, తీయడం. అందరికీ తెలిసిందే, వదిలేద్దాం.

మనిషి అయితే మన సీమలో దీనికి అచ్చంగా సరిపోయే మాట ఉంది: పిల్చుకొని రావడం. కోస్తావాళ్లు మనిషినైనా, కూరగాయలనైనా "తీసుకురా" అంటారు. మనం వస్తువుల్ని తెస్తాం, మనుషుల్ని పిల్చుకొని వస్తాం. "పాపను స్కూలు నుంచి పిల్చుకొని రావల్ల" అన్నప్పుడు మీ నోట్లో ఉన్నది పిక్ అప్పే. "ఐ హావ్ టు పిక్ అప్ మై డాటర్ ఫ్రం స్కూల్." ఒక్క తేడా గుర్తుంచుకోండి. పిక్ అప్ చూపంతా ఎక్కించుకునే చోటు మీదే ఉంటుంది, ఎక్కడికి చేరుస్తారన్నది అందులో లేదు. అందుకే "పిక్ అప్ అమ్మమ్మ ఫ్రం ది స్టేషన్ అండ్ బ్రింగ్ హర్ హోమ్" అని రెండూ చెబుతారు.

ఇక్కడే డ్రాప్ సంగతి కూడా. "డ్రాప్ మీ ఎట్ ది స్టేషన్" అంటే ఇంగ్లీషులో చెల్లుతుంది, ఆఫ్ తగిలించకపోయినా ఎవరూ ఏమీ అనరు. ఆ ధైర్యంతోనే మనవాళ్లు "పిక్ మీ ఎట్ ది స్టేషన్" అనేస్తారు. అది చెల్లదు. డ్రాప్ ఒంటరిగా బతకగలదు. పిక్ పక్కన అప్ లేకపోతే నా చెన్నై కథే.

వస్తువు అయితే రెండు దారులు. ఇదివరకే మీది అయిపోయిన వస్తువును వెళ్లి తెచ్చుకోవడం ఒకటి. టైలర్ దగ్గర కుట్టి పెట్టిన జాకెట్టు, కొరియర్ ఆఫీసులో పార్సిల్, ల్యాబ్‌లో రిపోర్టు. రెండోది, పోతూ పోతూ పనిలో పనిగా కొనడం. రాయచోటి నుంచి కడపకు వచ్చేటప్పుడు గువ్వలచెరువు దగ్గర బండి ఆపి పాలకోవా కట్టించుకుంటామే, అది. "వి పిక్డ్ అప్ సమ్ పాలకోవా ఎట్ గువ్వలచెరువు." ఈ రెండో వాడుకలో ఒక తేలికదనం ఉంది. దారిలో ఆగాం, కొన్నాం, వచ్చేశాం, అంతే. అందుకే పెద్ద కొనుగోళ్లకు జాగ్రత్త. ప్రొద్దుటూరులో పెళ్లికి ఏడాది దాచిన డబ్బుతో హారం కొని "ఐ పిక్డ్ అప్ ఎ నెక్లెస్" అంటే, కరివేపాకు కొన్నంత తేలిగ్గా కొన్నట్టు వినబడుతుంది. అంత డబ్బున్నవాళ్లు అనుకోవచ్చు, మనం "బాట్" అందాం.

భాష, అలవాటు, యాస అయితే అబ్బడం. ఇది అన్నిటికంటే అందమైన వాడుక అని నా అభిప్రాయం, అందుకే కాసేపు ఇక్కడే నిలుస్తాను. కడపలో పుట్టి పెరిగిన తెలుగువాళ్లలో చాలామందికి ఉర్దూ వస్తుంది. ఎవరు నేర్పారు అని అడిగితే చెప్పలేరు. పక్కింట్లో ఆడుకున్నారు, రంజాన్ నెలలో హలీమ్ తిన్నారు, బజార్లో బేరమాడారు. భాష తనంతట తానే నోటికి అంటుకుంది. "ఐ పిక్డ్ అప్ ఉర్దూ ఫ్రం మై నైబర్స్." పుస్తకం లేదు, ఫీజు లేదు, పరీక్ష లేదు. అలా వచ్చిందే పిక్ అప్. కూర్చొని చదివి నేర్చుకుంటే అది లర్న్.

దీనికి నేను పిల్లలకు చెప్పే ఉదాహరణ సి.పి. బ్రౌన్ దొర. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. ఇక్కడ బంగ్లా కొని, జీతాలిచ్చి పండితులను పెట్టుకొని, తాళపత్రాలు సేకరించి శుద్ధప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. ఆయన బంగ్లా ఉన్న చోటే ఇప్పుడు మనం బ్రౌన్ లైబ్రరీ అనే భాషా పరిశోధన కేంద్రం నడుస్తోంది. అలాంటి మనిషి గురించి "బ్రౌన్ పిక్డ్ అప్ తెలుగు" అని రాస్తే వ్యాకరణం తప్పు లేదు, న్యాయం మాత్రం తప్పుతుంది. అన్నేళ్ల చాకిరీని, ఆడుతూ పాడుతూ అబ్బిన విద్య అన్నట్టవుతుంది. "హి స్టడీడ్ తెలుగు విత్ పండిట్స్" అనాలి. బజార్లో విన్న నాలుగు మాటలను ఆయన పిక్ అప్ చేసి ఉంటే ఉండొచ్చు, అది వేరే సంగతి.

రోగం అయితే అంటుకోవడం. "షి పిక్డ్ అప్ ఎ కోల్డ్ ఆన్ ది ట్రెయిన్." జలుబు, ఇన్ఫెక్షన్, కడుపులో వచ్చే గడబిడ, ఇవన్నీ సరే. బయట నుంచి ఒంట్లోకి పాకినవే అలా చెప్పగలం. షుగరును, బీపీని పిక్ అప్ చేయలేం. మే నెల కడపలో తగిలే వడదెబ్బను కూడా. ఎవరి దగ్గర నుంచీ అంటుకునేది కాదు కదా.

సిగ్నల్ అయితే అందుకోవడం, పట్టడం. మా ఇంట్లో పాత రేడియో ఒకటుంది. కడప ఆకాశవాణి 900 కిలోహెర్ట్జ్ బాగానే పడుతుంది, మిగతా వాటికి గురక పెడుతుంది. "దిస్ రేడియో పిక్స్ అప్ ఓన్లీ కడప." మైకు పక్కింటి కుక్క అరుపును పట్టేసినా, కుక్క వాసన పట్టినా ఇదే మాట.

పోలీసులు వచ్చారంటే మన సీమ మాట ఎత్తుకపోవడం. "రాత్రి వాళ్లను ఎత్తుకపోయినారంట" అని టీ అంగడి దగ్గర గుసగుస వినే ఉంటారు. "ది పోలీస్ పిక్డ్ దెమ్ అప్ లాస్ట్ నైట్." ఇంగ్లీషు పేపర్లో ఈ వాక్యం చూసి, పోలీసులు మంచిగా బండెక్కించుకొని ఇంటి దగ్గర దింపారనుకునేరు.

బిల్లు అయితే పక్కవాళ్లది కూడా తనే కట్టడం. నలుగురు కలిసి ఎర్రకారం దోశలు తిన్నాక, మిగతా ముగ్గురూ చేతులు కడుక్కునే దగ్గర కావాలని ఆలస్యం చేస్తుంటే, ఒక అన్న లేచి పోయి కౌంటర్లో కట్టేస్తాడు చూడండి. "అన్న పిక్డ్ అప్ ది బిల్." కాగితం చేత్తో తీశాడా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

ఇంకొక వాడుక ఉంది, అది తెలుసుకొని పక్కన పెట్టేది. ముక్కూ మొహం తెలియని మనిషిని బార్లోనో పార్టీలోనో మాటల్లో పెట్టి వెంట తీసుకుపోవడాన్ని కూడా పిక్ అప్ అంటారు. కాబట్టి "ఐ పిక్డ్ అప్ ఎ గర్ల్" అని ఆఫీసులో చెప్పకండి. మీరు లిఫ్ట్ ఇచ్చింది పెద్దనాన్న కూతురికే అయినా సరే. "ఐ పిక్డ్ అప్ మై కజిన్ ఫ్రం ది బస్టాండ్" అని ఎవరినో, ఎక్కడ నుంచో రెండూ చెబితే ఏ గొడవా లేదు.

2. వెనకాల ఏమీ లేకపోతే

"దేన్ని?" అని అడిగితే జవాబు రాలేదనుకోండి. అప్పుడు అది పుంజుకోవడం, ఊపందుకోవడం. "బిజినెస్ ఈజ్ పికింగ్ అప్." శ్రావణమాసం రాగానే ప్రొద్దుటూరు బట్టల అంగళ్లలో కనిపించే సందడి అది. "ది విండ్ పిక్డ్ అప్" అంటే గాలి జోరందుకుంది.

ఈ గుంపులోదే బండి పికప్. గువ్వలచెరువు ఘాటులో లోడు లారీ మూలుగుతూ ఎక్కుతుంది, ఎక్కడం అయిపోగానే "ఇట్ పిక్స్ అప్ స్పీడ్." ఇక్కడ స్పీడ్ అన్న మాట వెనకాల వచ్చిందే అంటారేమో. వచ్చినా అర్థం మాత్రం ఊపందుకోవడమే. "మై బైక్ హాజ్ నో పికప్" అనే వాక్యాన్ని చూసి నవ్వేవాళ్లున్నారు గానీ, అది తప్పేమీ కాదు. అమెరికా ఇంగ్లీషులో కూడా బండి వేగం అందుకునే శక్తిని పికప్ అంటారు. బ్రిటన్‌వాళ్లతో మాట్లాడేటప్పుడు యాక్సిలరేషన్ అంటే సరిపోతుంది.

రెండు చోట్ల జాగ్రత్త. ఉల్లిగడ్డల ధర పెరిగితే పిక్ అప్ అనకండి, "గో అప్" అనండి. మందగించింది తిరిగి కోలుకుందన్న వాసన పిక్ అప్‌లో ఉంటుంది. ధర పెరగడం కొనేవాళ్లకు కోలుకోవడం ఎట్లా అవుతుంది? రెండోది ఆరోగ్యం. "హి ఈజ్ పికింగ్ అప్" అంటే తేరుకుంటున్నాడు. "హి ఈజ్ పికింగ్ అప్ ఎ కోల్డ్" అంటే జలుబు అంటుకుంటోంది. ఒక్క మాట చివర తగిలేసరికి ఆసుపత్రి నుంచి బయటికి వచ్చేవాడు లోపలికి పోతున్నాడు. అందుకే "దేన్ని?" అన్న ప్రశ్న ముందు పెట్టాను.

ఫోను దీనికి మినహాయింపు. "షి ఈజ్ నాట్ పికింగ్ అప్" అంటే వెనకాల ఏమీ లేకపోయినా, ఫోను ఎత్తడం లేదనే. సందర్భమే చెబుతుంది. మనం "ఫోన్ లిఫ్ట్ చేయలేదు" అంటామే, అది ల్యాండ్‌లైను రోజుల్లో రిసీవర్ ఎత్తిన అలవాటు. మన దేశం దాటితే "షి డిడ్ నాట్ లిఫ్ట్ ది ఫోన్" అంటే, ఫోను అంత బరువేమిటబ్బా అని చూస్తారు. ఫోనును పిక్ అప్ చేస్తారు, కాల్‌ను ఆన్సర్ చేస్తారు. ఈ జత అలాగే గుర్తు పెట్టుకోండి.

3. షేర్ ఆటో లెక్క

మనవాళ్లు ఎక్కువ మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. బ్యాగు అనే మాటను ఎక్కడ పెట్టినా ఒప్పే. "పిక్ అప్ ది బ్యాగ్" అనొచ్చు, "పిక్ ది బ్యాగ్ అప్" అనొచ్చు. కానీ బ్యాగు బదులు ఇట్ వచ్చిందా, అది మధ్యలోనే కూర్చోవాలి. "పిక్ ఇట్ అప్." మీ, యూ, హిమ్, హర్, అస్, దెమ్ అన్నిటికీ ఇదే చట్టం. "పిక్ అప్ యూ" అనేది ఇంగ్లీషే కాదు.

పోయిన ఏడాది రాయచోటి అబ్బాయి ఒకడు క్లాసుకు వచ్చేవాడు. ఎన్నిసార్లు చెప్పినా "ఐ విల్ పిక్ అప్ యూ" అనే అనేవాడు.

"మధ్యలో పెడితే నాలుక తిరగడం లేదు సార్" అన్నాడు ఒకరోజు.

"ఇంటికి ఎట్లా పోతావు నాయనా?"

"బస్టాండు దాకా షేర్ ఆటోలో సార్."

"వెనక సీట్లో ఇద్దరు పెద్దోళ్లు కూర్చున్నారు. ఒక చిన్న పిల్లోడు ఎక్కినాడు. వాణ్ణి యాడ కూర్చోబెడతారు?"

"మధ్యలో ఇరికిస్తారు సార్."

"బాగా లావుపాటి మనిషి మూటలతో వస్తే?"

"మధ్యలో పట్టడు కదా. అంచునే కూర్చోవల్ల."

అంతే లెక్క. పిక్ ఒక పెద్దమనిషి, అప్ ఒక పెద్దమనిషి. ఇట్, యూ, హర్ లాంటి చిన్నపిల్లలను మధ్యలో ఇరికించాలి. "రాజంపేటలో అమ్మమ్మ మరిచిపోయిన నల్ల బ్యాగు" లాంటి మూటల మనిషి వస్తే పిక్ అప్ రెండూ దగ్గరగా జరిగి, ఆయన్ను చివర కూర్చోబెట్టాలి. మామూలు ఒళ్లున్న మనిషి ఎక్కడ కూర్చున్నా ఎవరికీ ఇబ్బంది లేదు. ఆ పిల్లాడు మళ్లీ తప్పు చేయలేదు. ఇరికించడం అంటే మనకు వేరే నేర్పాలా!

4. నోటికి పట్టించండి

రాతలో విడిగా ఉన్నా మాటలో ఇది కలిసిపోతుంది. "పిక్ ఇట్ అప్" అని మూడు ముక్కలుగా కొట్టకండి, "పికిటప్" అని ఒక్క దమ్ములో అనండి. "పిక్ హర్ అప్" వేగంగా అన్నప్పుడు హకారం దాదాపు మాయమవుతుంది. జరిగిపోయినదానికి "పిక్కెడ్ అప్" అనే అలవాటు మన దగ్గర బాగా ఉంది. అక్కడ ఎడ్ పలకదు. "పిక్టప్" అన్నట్టు వినబడాలి. పదిసార్లు గట్టిగా అనండి, ఇంట్లోవాళ్లు విచిత్రంగా చూసినా పరవాలేదు.

క్రియగా, అంటే చేసే పనిని చెప్పడానికి వాడితే, ఒత్తు అప్ మీద పడుతుంది. పేరుగా వాడితే, అంటే ట్రక్కునో, ఆటో పికప్‌నో చెప్పేటప్పుడు, పిక్ మీద పడుతుంది. రాసేటప్పుడు కూడా అంతే: పని అయితే రెండు మాటలు విడివిడిగా, పేరయితే ఒకటిగా. మన నాలుక రెండిటినీ సమానంగా ఒత్తి "పిక్కప్పు" చేస్తుంది. అర్థం కాకుండా పోదులెండి, కానీ వింటున్నవాళ్లకు శ్రమ తగ్గుతుంది.

5. తోకలు

ఆన్ తగిలితే, పిక్ అప్ ఆన్, అంటే ఎవరూ నోరు విప్పి చెప్పనిదాన్ని పసిగట్టడం. కోడలు ఒక్క ముక్క అనకపోయినా అత్తకు విషయం తెలిసిపోతుందే, అది. ఆఫ్టర్ తగిలితే, ఒకరు పారేసినవాటిని వెనకాలే తిరిగి సర్దడం. "అమ్మ ఈజ్ ఆల్వేస్ పికింగ్ అప్ ఆఫ్టర్ అస్." ఈ వాక్యానికి ఇంటింటికీ ఉదాహరణ ఉంది కాబట్టి వివరించను. ఆపిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టడం కూడా ఇందులోదే: "లెట్ అస్ పిక్ అప్ వేర్ వి లెఫ్ట్ ఆఫ్." మరుసటి రోజు క్లాసు నేను ఈ వాక్యంతోనే మొదలుపెడతాను.

6. వారం రోజుల పని

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. రోజూ పడుకునే ముందు, ఆ రోజు మీరు నిజంగా చేసిన పని ఒకటి పిక్ అప్‌తో రాయండి. ఊహించి రాయొద్దు. ఎవరిని పిల్చుకొచ్చారు, దారిలో ఏం కొన్నారు, ఎవరు ఫోను ఎత్తలేదు, దోశల బిల్లు ఎవరి నెత్తిన పడింది. మరుసటి రోజు అదే వాక్యంలో పేరు తీసేసి ఇట్, హర్, దెమ్ పెట్టి తిరగరాయండి. "ఐ పిక్డ్ అప్ ది రిపోర్ట్ ఫ్రం ది ల్యాబ్" అన్నది "ఐ పిక్డ్ ఇట్ అప్ ఫ్రం ది ల్యాబ్" కావాలి. ఆ చిన్నపిల్లోడు మధ్యలోకి సర్దుకున్నాడా లేదా అని చూసుకోవడమే దిద్దుబాటు. ఏడు రోజులకు పదమూడు వాక్యాలు అవుతాయి, ఎక్కువేమీ కాదు.

మెసేజులు కూడా ప్రాక్టీసుకే. మా అక్క కొడుకు పోయిన వారం బెంగళూరు బస్సు దిగి, రాత్రిపూట మెసేజ్ పెట్టాడు: "మామా, ఐ యామ్ ఎట్ ఏడురోడ్లు. పిక్ మీ."

"పిక్డ్. కంగ్రాట్స్. నడుచుకుంటూ రా" అని జవాబిచ్చాను.

రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత ఒక్క మాటతో ఇంకో మెసేజ్ వచ్చింది: "అప్."

బండి తాళం తీసుకున్నాను.